"ఏం ఫాయిదా?" – జాన్ డ్యూయీ పాఠం, అంబేడ్కర్ చేసిన ప్రయోగం



ప్రతి ఏడాది మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చే రోజుల్లో నాకు ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. బారావీ పాసైన కొడుకునో కూతురినో వెంటబెట్టుకొని ఒక తండ్రి వస్తాడు. "గురూజీ, పిల్ల బి.ఏ. చదువుత అంటున్నది. దాంతోని ఏం ఫాయిదా?" అని అడుగుతాడు. ఇంకొకరు "లెక్కలు కష్టమైతున్నయట, విడిచిపెడితే ఏం నష్టం?" అంటారు. పిల్లలేమో తల వంచుకొని నిలబడతారు.

నేను చాలా ఏళ్లు బడిలో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ని. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మొదట్లో నాకు కోపం వచ్చేది. చదువును తక్కెడలో వేసి తూస్తున్నారే అనిపించేది. తరువాత జాన్ డ్యూయీ అనే అమెరికన్ తత్వవేత్త గురించి చదివినప్పుడు నా అభిప్రాయం మారింది. "ఏం ఫాయిదా?" అన్నది చెడ్డ ప్రశ్న కాదు. మనం ఆ ప్రశ్నను సగంలోనే ఆపేస్తున్నాం, అదే తప్పు. ఆ ప్రశ్నను చివరిదాకా ఎలా అడగాలో డ్యూయీ చెప్పారు. అలా అడిగి, జవాబును మన దేశంలో అమలు చేసి చూపించినవారు ఆయన విద్యార్థి డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్. ఆయన కూడా స్కాలర్‌షిప్ మీద చదువుకున్న విద్యార్థే. అందుకే ఈ పాఠం మన బులెటిన్‌లో ఉండాలనుకున్నాను.

డ్యూయీ ఎవరు?

జాన్ డ్యూయీ 1859 అక్టోబర్ 20న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, బర్లింగ్టన్ అనే ఊళ్లో జన్మించారు. తండ్రి కిరాణా దుకాణం నడిపేవారు. డ్యూయీ 1879లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేశారు. తరువాత ఆయిల్ సిటీ అనే చిన్న పట్టణంలో రెండేళ్లు హైస్కూలు టీచర్‌గా పనిచేశారు. ఆ పైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి 1884లో డాక్టరేట్ పొందారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1894లో చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1904లో అక్కడ రాజీనామా చేసి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, 1930లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే ఉన్నారు.

ఆయన జీవితం సుఖంగా సాగిందని అనుకోకండి. ఇద్దరు కుమారులు చిన్న వయసులోనే మరణించారు. ఆ దుఃఖంలో కూడా దంపతులు ఇటలీలో ఒక అబ్బాయిని దత్తత తీసుకొని పెంచుకున్నారు. ఆయన భార్య ఆలిస్ కూడా విద్యారంగంలో ఆయనతో కలిసి పనిచేశారు. డ్యూయీ తరగతి గదికే పరిమితమైన మనిషి కాదు. స్త్రీలకు ఓటుహక్కు కావాలని కోరారు. ఉపాధ్యాయులు సంఘం పెట్టుకోవాలని ప్రోత్సహించారు. 1919 నుంచి 1921 వరకు జపాన్, చైనా దేశాల్లో ఉండి ఉపన్యాసాలు ఇచ్చారు. 1952 జూన్ 1న, తొంభై రెండేళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

వ్యవహారిక సత్తావాదం – తేలిక మాటల్లో

డ్యూయీ ఆలోచనా పద్ధతిని బి.ఎడ్. పుస్తకాల్లో "వ్యవహారిక సత్తావాదం" అంటారు. ఇంగ్లీషులో ప్రాగ్మాటిజం. పేరు పెద్దదైనా విషయం కష్టమేమీ కాదు. ఈ ఆలోచనకు పునాది వేసినవారు చార్ల్స్ పర్స్. దీనిని ప్రజల్లోకి తెచ్చినవారు విలియం జేమ్స్. బడికి, సమాజానికి అన్వయించినవారు డ్యూయీ.

ఒక ఉదాహరణ చూద్దాం. "ఈ మిరపకాయ ఘాటైనది" అని మన మార్కెట్ యార్డులో ఒకరన్నారనుకోండి. ఆ మాటకు అర్థమేమిటి? నాలుకకు తగిలితే మండుతుంది, దంచేటప్పుడు తుమ్ములు వస్తాయి, కూరలో తక్కువ కారం వేసినా సరిపోతుంది. ఇవే ఆ మాటకు అర్థం. ఇవేవీ జరగకపోతే ఆ మాట అబద్ధం. అంటే ఒక ఆలోచన వల్ల ఆచరణలో ఏ తేడా వస్తుందో, ఆ తేడాలోనే దాని అర్థం ఉంటుంది. ఆ తేడా నిజంగా వచ్చిందా లేదా అన్నదే దానికి పరీక్ష. ఏ తేడా రాకపోతే అది వట్టి మాట.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "నాకు లాభం వచ్చేదే సత్యం" అన్నది ఈ సిద్ధాంతం అనుకుంటారు. డ్యూయీ అలా చెప్పలేదు. ఒక పని ఫలితాలన్నీ చూడాలి అన్నారు. నా ఒక్కడి ఫలితమే కాదు, నాతో బ్రతికే అందరి మీదా పడే ఫలితం చూడాలి. ఇవాళ్టి ఫలితమే కాదు, తరువాత నేను ఇంకా ఎదిగేలా చేస్తుందా, నా దారి మూసేస్తుందా అన్నదీ చూడాలి. బి.ఏ. చదివితే నౌకరీ వస్తుందా అన్నది ప్రశ్నలో ఒక ముక్క. ఆ అమ్మాయి ఒక దస్తావేజును చదివి అర్థం చేసుకోగలదా, తప్పు జరిగితే తహసీల్ ఆఫీసులో నిలబడి అడగగలదా, రేపు తన పిల్లల ప్రశ్నకు జవాబు వెతకగలదా అన్నవి మిగిలిన ముక్కలు. ఇవన్నీ కలిపితేనే "ఏం ఫాయిదా?" అన్న ప్రశ్న పూర్తవుతుంది.

చికాగో బడి

డ్యూయీ తన ఆలోచనను కాగితం మీదే ఉంచలేదు. 1896 జనవరిలో చికాగో విశ్వవిద్యాలయం తరఫున ఒక చిన్న బడి మొదలుపెట్టారు. మొదటి రోజుల్లో పదహారు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. దాన్ని ప్రయోగశాల బడి అన్నారు. సైన్సు విద్యార్థులకు ల్యాబ్ ఎలాగో, చదువు చెప్పే పద్ధతులను పరీక్షించడానికి ఈ బడి అలాగ.

ఆ బడి కోసం బల్లలు కొనడానికి ఆయన దుకాణాలు తిరిగారట. పిల్లలు పని చేసుకోవడానికి వీలైన బల్లలు ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక దుకాణదారు అసలు సంగతి చెప్పాడు. మీకు కావలసినవి పిల్లలు పనిచేసే బల్లలు, మా దగ్గర ఉన్నవన్నీ కూర్చుని వినే బల్లలు అని దాని సారాంశం. నూరేళ్లు దాటినా మన బడుల్లో ఎక్కువ భాగం ఇంకా వినే బల్లలే కదా!

ఆ బడిలో పిల్లలు వంట చేసేవారు, కొలతలు వేసేవారు, నూలు వడికేవారు, చెక్కపని చేసేవారు. వారిని వంటవాళ్లుగానో వడ్రంగులుగానో తయారు చేయడం దాని ఉద్దేశం కాదు. వంటలో భిన్నాలు వస్తాయి, వేడి వస్తుంది, రసాయన మార్పులు వస్తాయి. పిల్లలకు ఒకసారి విడదీయని పత్తి ఇచ్చారు. ఒక గుంపు పిల్లలు అరగంట కష్టపడి గింజల నుంచి దూదిని వేరు చేస్తే ఒక ఔన్సు కూడా రాలేదు. మన లెక్కలో ముప్పై గ్రాముల లోపే. ఉన్ని బట్టలంత తొందరగా పత్తి బట్టలు ఎందుకు వ్యాపించలేదో, గింజ తీసే యంత్రం వచ్చాక లోకం ఎందుకు మారిపోయిందో ఆ పిల్లలకు చేతితోనే అర్థమైంది. మన నాందేడ్ జిల్లా పత్తి పండే జిల్లా. మన పిల్లల్లో ఎంతమందికి పత్తి చేను మీదుగా చరిత్ర పాఠం చెప్పాం? నేనైతే చెప్పలేదు. ప్రశ్నలు బోర్డు మీద రాసి, జవాబులు రాయించి, కంఠతా పట్టమన్నాను. మార్కులు వచ్చాయి. మూడు నెలల తరువాత అదే ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే తరగతి మొత్తం మౌనం. ఆ మౌనం పిల్లల తప్పు కాదు, నా పద్ధతి తప్పు.

డ్యూయీ పిల్లలను ఇష్టం వచ్చినట్టు వదిలేయమన్నారని కొందరు విమర్శిస్తారు. 1938లో ప్రచురించిన "ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్" అనే చిన్న పుస్తకంలో ఆయన దీనికి సమాధానం చెప్పారు. ప్రతి అనుభవమూ చదువు కాదు. కొన్ని అనుభవాలు మనిషిని మొండిగా, బద్ధకంగా కూడా చేస్తాయి. ఏ అనుభవం తరువాతి మంచి అనుభవానికి దారి తీస్తుందో చూసి ఏర్పాటు చేయవలసిన బాధ్యత టీచరుది, పెద్దలది. కాబట్టి తల్లిదండ్రులారా, క్రమశిక్షణ వద్దని కాదు. ఎక్కాలు కంఠతా రావలసిందే. అయితే ఎక్కం ఎందుకో తెలియాలి.

ఆలోచనకు ఐదు మెట్లు

1910లో వచ్చిన "హౌ వి థింక్" అనే పుస్తకంలో డ్యూయీ మనిషి ఆలోచించే తీరును ఐదు మెట్లుగా విడదీశారు. వాటిని మన ధర్మాబాద్ మిరప బస్తా మీద చూపిస్తాను.

1. ఇబ్బంది ఎదురవడం: నిల్వ చేసిన బస్తా విప్పితే లోపలి కాయలు నల్లబడి, బూజు వాసన వస్తోంది. ఇబ్బంది లేనిదే ఆలోచన మొదలవదు.

2. ఇబ్బందిని గుర్తించడం: అన్ని బస్తాలూ చెడ్డాయా, కొన్నేనా? అడుగు వరుసవా, పై వరుసవా? ఒకే రోజు తెచ్చినవా? "ఖరాబైంది" అని ఊరుకోకుండా ఎక్కడ, ఎంత అని చూడాలి.

3. ఊహ చేయడం: కాయ సరిగా ఎండకముందే బస్తాలో నింపి ఉండవచ్చు. లేదా గోదాము నేల తేమ పట్టి ఉండవచ్చు.

4. ఊహ నిజమైతే ఏం జరగాలో ఆలోచించడం: నేల తేమే కారణమైతే అడుగు బస్తాలే ఎక్కువగా చెడాలి. కాయ ఎండకపోవడమే కారణమైతే పైన పెట్టిన బస్తా కూడా చెడాలి.

5. పరీక్షించడం: ఒకే కాయను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఇంకో రెండు రోజులు ఎండబెట్టి, రెండింటినీ చెక్కల మీద పక్కపక్కనే ఉంచి కొన్ని వారాల తరువాత చూడాలి. ఊహ తప్పైతే మళ్లీ మూడో మెట్టుకు రావాలి.

గమనించారా? హమాలీ పనిచేసే అన్నకూ, వ్యాపారికీ, శాస్త్రవేత్తకూ ఆలోచన మెట్లు ఒకటే. శాస్త్రవేత్త వాటిని జాగ్రత్తగా, రాసిపెట్టుకొని ఎక్కుతాడు, అంతే. గైడు పుస్తకం చేసే నష్టం ఏమిటంటే, మొదటి నాలుగు మెట్లూ మాయం చేసి చివరి జవాబు ఒక్కటే చేతిలో పెడుతుంది.

కొలంబియాలో ఒక స్కాలర్‌షిప్ విద్యార్థి

ఇప్పుడు మన దేశానికి వద్దాం. భీమ్‌రావ్ అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న జన్మించారు. సాతారాలో చదివే రోజుల్లో బడిలో అందరితో కలిసి కూర్చోనిచ్చేవారు కాదు. కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకోవలసి వచ్చేది. దాహం వేస్తే కుళాయి తానే తిప్పుకొని తాగే హక్కు లేదు. అటువంటి విద్యార్థి 1912లో బొంబాయిలో బి.ఏ. పూర్తి చేశారు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ సంస్థానం తరఫున నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ మంజూరైంది. 1913 జూలైలో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయం చేరారు.

అక్కడ ఆర్థికశాస్త్రం ముఖ్య విషయం. అయినా చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం పాఠాలు కూడా విన్నారు. "ఫాయిదా లేని సబ్జెక్టు" అని తత్వశాస్త్రాన్ని వదిలిపెట్టి ఉంటే డ్యూయీ తరగతిలో ఆయన కూర్చునేవారు కాదు. డ్యూయీ గొప్ప వక్త కాదు. ఆలోచిస్తూ, ఆగుతూ, నెమ్మదిగా మాట్లాడేవారని ఆయన విద్యార్థులు చెప్పారు. అంబేడ్కర్ మాత్రం ఆ పాఠాలను శ్రద్ధగా విన్నారు. ముప్పై ఏళ్ల తరువాత కూడా డ్యూయీ తరగతిలో మాట్లాడే తీరును సంతోషంగా అనుకరించి చూపేవారని ఆయన భార్య సవితా అంబేడ్కర్ గుర్తుచేసుకున్నారు.

1915లో ఎం.ఏ. పట్టా వచ్చింది. 1916 మే 9న భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక వ్యాసం చదివారు. 1916లోనే డ్యూయీ ప్రసిద్ధ గ్రంథం "డెమొక్రసీ అండ్ ఎడ్యుకేషన్" వెలువడింది. ఆ పుస్తకాన్ని అంబేడ్కర్ గీతలు గీసుకుంటూ చదివారు.

తరువాత ఏం జరిగింది? 1917లో దేశానికి తిరిగివచ్చి, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరారు. అమెరికా పట్టా ఉన్న ఆ అధికారికి ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకలేదు. పేరు మార్చుకొని ఉన్న సత్రం నుంచి కూడా వెళ్లగొట్టారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. మనం పిల్లలకు చెబుతాం, "బాగా చదువుకో, లోకం నిన్ను గౌరవిస్తుంది" అని. ఆయన అందరికంటే బాగా చదివారు. లోకం గౌరవించలేదు. పట్టా ఒక్కటే చాలదని, సమాజం కూడా మారాలని ఆయనకు స్వానుభవంతో తెలిసింది. డ్యూయీ చెప్పిన మొదటి మెట్టు అదే కదా, ఇబ్బంది ఎదురవడం! మిగతా మెట్లు ఎక్కడానికి ఆయన తన జీవితమంతా వెచ్చించారు.

గురువు మాటను దించలేదు, వాడుకున్నారు

1936లో లాహోర్‌లో ఒక సంస్థ అంబేడ్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ఆయన రాసినదాన్ని ముందుగా చూసి భయపడి సభనే రద్దు చేసింది. ఆ ఉపన్యాసాన్ని ఆయన స్వయంగా అచ్చు వేయించారు. అదే "అనైహిలేషన్ ఆఫ్ కాస్ట్", కుల నిర్మూలన. అందులో డ్యూయీని తన గురువుగా పేర్కొని, ఆయనకు తాను ఎంతో ఋణపడి ఉన్నానని రాశారు.

ఆయన గురువు నుంచి తీసుకున్నవాటిలో మూడు విషయాలు చూద్దాం.

మొదటిది: పాతదంతా మోయనక్కరలేదు. ప్రతి సమాజంలోనూ పనికిరాని పాత సరుకు పేరుకుపోతుందని, బడి దానిని ఏరివేసి మంచిదాన్నే తరువాతి తరానికి అందించాలని డ్యూయీ రాశారు. అది బడి గురించిన మాట. అంబేడ్కర్ దాన్ని దేశం మొత్తానికి అన్వయించారు. మనకు సంక్రమించిన ఆచారాలలో ఏది ఉంచాలి, ఏది వదలాలి అని సమాజమంతా ప్రశ్నించుకోవాలన్నారు.

రెండవది: నియమం వేరు, సూత్రం వేరు. నియమం "ఇలా చెయ్యి" అంటుంది. సూత్రం "ఎందుకు, ఏమిటి అని తూచి చూడు" అంటుంది. నియమం పాటించేవాడికి బాధ్యత ఉండదు, సూత్రం పాటించేవాడికి ఉంటుంది. లెక్కల విద్యార్థులకు ఇది బాగా తెలుస్తుంది. ఫార్ములా బట్టీ పట్టినవాడు లెక్క రూపం మారగానే ఆగిపోతాడు.

మూడవది: ప్రజాస్వామ్యం అంటే ఓటు మాత్రమే కాదు. అది కలిసి బ్రతికే పద్ధతి, ఒకరి అనుభవం ఇంకొకరికి చేరే పద్ధతి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ కూడా అంబేడ్కర్ ఈ హెచ్చరికే చేశారు. రాజకీయాల్లో సమానత్వం వచ్చి, సామాజిక జీవితంలో రాకపోతే ప్రజాస్వామ్యం నిలవదన్నారు.

అయితే ఆయన గురువు చెప్పినచోటే ఆగలేదు. మాటలతో, చదువుతో సమాజం మెల్లగా మారుతుందని డ్యూయీకి నమ్మకం ఎక్కువ. అంబేడ్కర్ చూసిన లోకం వేరు. మాట వినడానికే సిద్ధంగా లేని సమాజంలో ఉద్యమమూ కావాలి, చట్టమూ కావాలి. అందుకే 1927 మార్చిలో మహాడ్ చెరువు దగ్గరకు నడిచారు, తరువాత రాజ్యాంగ రచనకు కూర్చున్నారు. మంచి విద్యార్థి అంటే ఇదే. గురువు ఇచ్చిన పనిముట్టును తన పొలానికి తగినట్టు సానబెట్టుకుంటాడు.

1952 జూన్ 5న కొలంబియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. గురువును మళ్లీ చూడవచ్చని ఆశతో ఆయన బయలుదేరారు. కాని ఆయన చేరేలోపే డ్యూయీ మరణించారు. తన మేధాజీవితమంతా ఆయన చలవేనని ఆ బాధలో భార్యకు ఉత్తరం రాశారు.

మన ప్రాంతంలో ఆ పాఠం

1956 నవంబర్ 1 దాకా మన నాందేడ్ జిల్లా, ఔరంగాబాద్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేవి. అంబేడ్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. ఆ సొసైటీ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను, 1950లో ఔరంగాబాద్‌లో కళాశాలను ప్రారంభించింది. నేడు ఆ నగరం పేరు ఛత్రపతి శంభాజీనగర్. ఆ కళాశాలకు తరువాత మిళింద్ అని పేరు పెట్టారు. మిళిందుడు నాగసేన భిక్షువును ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగిన గ్రీకు రాజు. మరఠ్వాడా పిల్లల కళాశాలకు ప్రశ్నలడిగిన రాజు పేరు! ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా 1953 జనవరి 12న అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

మనల్ని మనం అడుగవలసిన రెండు ప్రశ్నలు

ఒక సంఘం మంచిదా కాదా తెలుసుకోవడానికి డ్యూయీ రెండు కొలతలు చెప్పారు. ఒకటి, ఆ సంఘంలోని వారందరూ ఎన్ని విషయాలను కలిసి పంచుకుంటున్నారు? రెండు, ఆ సంఘం ఇతర సంఘాలతో ఎంత స్వేచ్ఛగా కలుస్తోంది? దొంగల ముఠాలో కూడా ఐకమత్యం ఉంటుంది. కాని అది ఒక్క విషయంలోనే, అదీ తలుపులు మూసుకొని. కాబట్టి ఐకమత్యం ఒక్కటే గొప్ప కాదు. ఈ రెండు కొలతలనూ అంబేడ్కర్ మన కుల సమాజానికి పెట్టి చూశారు.

మన ట్రస్టుకు కూడా పెట్టి చూద్దాం. ఇది చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం పాత పాఠ్యపుస్తకాలు పంచుతుంటే మన పిల్లవాడొకడు తన దోస్తును వెంట తీసుకొచ్చాడు. ఆ అబ్బాయి మన సమాజం వాడు కాడు. అతనికీ ఒక పుస్తకం కావాలి. "ఇవి మనవాళ్లకే బాబూ" అని నేనే పంపించివేశాను. పుస్తకాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ ఏడాదంతా ఇద్దరూ ఒకే పుస్తకంతో చదువుకున్నారని తరువాత తెలిసింది. డ్యూయీ రెండవ ప్రశ్నకు ఆ పిల్లవాడు జవాబు రాశాడు, నేను ఫెయిలయ్యాను.

దాతలు మన పిల్లల కోసం ఇచ్చిన నిధి మన పిల్లలకే చేరాలి, అందులో తప్పు లేదు. కాని పాత పుస్తకాలు, పఠన గది, సెలవుల్లో పెట్టే మార్గదర్శక సభ ధర్మాబాద్ పిల్లలందరికీ తెరవడం వల్ల మనకు తగ్గేదేమీ లేదు. మొదటి ప్రశ్నకూ జవాబు వెతకాలి. మన సభల్లో స్త్రీలు ఎంతమంది మాట్లాడుతున్నారు? పల్లెల్లో కూలికి వెళ్లే కుటుంబాలకు ఫారం తేదీ తెలుస్తోందా? ఈ విషయాలు రాబోయే సమావేశంలో పెద్దల ముందు ఉంచుతాను. ఫారంలో మార్కులతోపాటు ఒక ప్రశ్న కూడా చేర్చమని కోరుతాను: "గత ఏడాది నువ్వు స్వయంగా చేసి, పరీక్షించి తెలుసుకున్న ఒక విషయం రాయి."

విద్యార్థులకు, తల్లిదండ్రులకు కొన్ని మాటలు

విద్యార్థులారా! మీరు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడతారు. ఇది ఇబ్బంది అని చిన్నబోకండి. మూడు సమాజాల అనుభవం మీకు ఉచితంగా అందుతోంది. అర్థం కాని పాఠాన్ని ఇంటి భాషలో అమ్మకు చెప్పి చూడండి. చెప్పగలిగితే వచ్చినట్టు, తడబడితే ఎక్కడ తడబడ్డారో అక్కడ మళ్లీ చదవాలి. ఇది ఖర్చులేని పరీక్ష.

తల్లిదండ్రులారా! మనలో చాలామంది పిల్లలను బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయిస్తాం. పిల్లవాడి చెయ్యి పట్టుకొని బియ్యంలో అక్షరం రాయిస్తాం. చేత్తో చేసి నేర్చుకోవడం మనకు కొత్త కాదు. ఆ ఒక్కరోజుతో దాన్ని ఆపకండి. బడి నుంచి రాగానే "ఎన్ని మార్కులు?" అనే ముందు "ఇవాళ ఏం అడిగినవ్?" అని అడగండి. ఆడపిల్లను దహావీతో ఆపే ముందు "ఏం ఫాయిదా?" అని ఒకసారి, "ఆపితే ఏం నష్టం?" అని ఇంకోసారి, రెండూ చివరిదాకా అడగండి.

ఆలోచించి రాయండి

1. మీ ఇంట్లో లేదా పొలంలో ఎదురైన ఒక ఇబ్బందిని తీసుకొని డ్యూయీ ఐదు మెట్లలో రాయండి.
2. మీరు పాటించే ఒక నియమం చెప్పండి. దాని వెనుక ఉన్న సూత్రం ఏమిటి?
3. అంబేడ్కర్ తన గురువు ఆలోచనను ఎక్కడ మార్చుకున్నారు? ఎందుకు?
4. మీ తరగతికి డ్యూయీ రెండు ప్రశ్నలు వేసి చూడండి. ఎవరు ఎవరితో కూర్చుంటున్నారు?

జవాబులు తెలుగులోనైనా మరాఠీలోనైనా రాసి ట్రస్టు కార్యాలయంలో ఇవ్వండి. అన్నీ నేను చదువుతాను. మీ జవాబు నా అభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్నా సంకోచించవద్దు. కారణం రాస్తే చాలు.

మీ అందరి చదువు మీకూ, మీ పక్కవారికీ ఫాయిదా కలిగించాలని ఆశీర్వదిస్తూ, సెలవు.